ఆర్థికవేత్త రాజకీయాల్లోకి వస్తే: మన్మోహన్ సింగ్ చుట్టూ అల్లుకున్న అపోహలు, అసలు సంగతులు

అర్థశాస్త్రం పాఠాలు చెప్పేవాళ్లకు క్లాసులో రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. ముందు బెంచీలో ఒకరు "దేశాన్ని ఒక ఆర్థికవేత్త చేతిలో పెడితే అన్నీ చక్కబడతాయి కదా సార్" అంటారు. వెనక నుంచి ఇంకొకరు "పుస్తకాలు చదువుకునేవాళ్లకు రాజకీయాలేం తెలుస్తాయి సార్" అంటారు. ఇద్దరూ ఉదాహరణగా చూపించేది మన్మోహన్ సింగ్‌నే. బడ్జెట్ పత్రాలు చదవడం, పిల్లల చేత చదివించడం నా పని. ఆ పత్రాల్లో నాకు కనిపించే మన్మోహన్ సింగ్ ఈ ఇద్దరూ చెప్పే మనిషి కాదు. ఆర్థిక విధానంలో సిద్ధాంతం వాటా చిన్నదే. ఏది ముందు చెయ్యాలి, ఎవరిని ఒప్పించాలి, ఎక్కడ ఒక మెట్టు దిగాలి అన్నవే పెద్ద వాటా. ఆయన జీవితంలో ఎక్కువ భాగం ఆ రెండో వాటా నేర్చుకోవడానికే పోయింది.

అపోహ: 1991లో పీవీ నరసింహారావు ఒక ప్రొఫెసర్‌ని క్లాసులోంచి తెచ్చి ఆర్థికమంత్రి కుర్చీలో కూర్చోబెట్టారు.

ఆయన ప్రొఫెసరే, కాదనను. కేంబ్రిడ్జిలో ఫస్ట్ క్లాసు, ఆక్స్‌ఫర్డ్‌లో 1962లో డాక్టరేట్, ఆ తర్వాత పంజాబ్ విశ్వవిద్యాలయంలో, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పాఠాలు. కానీ 1971లో విదేశీ వాణిజ్య మంత్రిత్వ శాఖకు ఆర్థిక సలహాదారుగా వెళ్లాక ఆయన బతుకంతా ప్రభుత్వ ఫైళ్ల మధ్యే గడిచింది. 1972 నుంచి 1976 దాకా ప్రభుత్వ ప్రధాన ఆర్థిక సలహాదారు, తర్వాత 1980 దాకా ఆర్థిక శాఖలో కార్యదర్శి, ఆపైన ప్రణాళికా సంఘం, 1982 నుంచి 1985 జనవరి దాకా రిజర్వ్ బ్యాంకు గవర్నరు, మళ్లీ ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడు. జెనీవాలో, వర్ధమాన దేశాల అభివృద్ధి సమస్యలను అధ్యయనం చేసిన సౌత్ కమిషన్ పని ముగించుకుని వచ్చి 1990 చివర్లో ప్రధాని చంద్రశేఖర్‌కు ఆర్థిక సలహాదారు అయ్యారు. మంత్రి పదవికి పిలుపు వచ్చేనాటికి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఛైర్మన్.

పాత నోట్లు పోగుచేసే అలవాటున్నవాళ్లు ఒకసారి తీసి చూడండి. రూపాయి నోటు మీద సంతకం రిజర్వ్ బ్యాంకు గవర్నరుది కాదు, ఆర్థిక శాఖ కార్యదర్శిది. డెబ్బైల చివర అచ్చయిన రూపాయి నోట్ల మీదా, ఎనభైల మొదట్లో వచ్చిన పెద్ద నోట్ల మీదా ఉన్నది ఒకే మనిషి సంతకం. రెండు కార్యాలయాల నుంచీ నోటు మీద సంతకం చేసిన మనిషిని 1991లో "కొత్తవాడు" అనడం కుదరదు. ఇందిర, మొరార్జీ, రాజీవ్, చంద్రశేఖర్... ఇంతమంది ప్రధానుల కింద పనిచేశాక ఏ మంత్రి ఎప్పుడు అవునంటాడో, ఫైలు ఏ బల్ల దగ్గర ఆగిపోతుందో తెలియకుండా ఎలా ఉంటుంది? అర్థశాస్త్రంలో పట్టా పుచ్చుకుని విధాన రంగంలోకి వెళ్లాలనుకునే విద్యార్థులకు నేను ముందుగా చదివించేది ఈ ఇరవై ఏళ్ల చరిత్రనే.

అపోహ: 1991 ఆర్థిక సంస్కరణలన్నీ ఆయన ఒక్కడి ఆలోచన. దీనికి కవల అపోహ ఒకటుంది: అంతా ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) రాసిచ్చింది.

రెంటికీ ఒకే జవాబు. కాగితాలు ముందే సిద్ధంగా ఉన్నాయి. లైసెన్సుల బదులు పన్నులు, ధరల ద్వారా ఆర్థిక వ్యవస్థను నడిపించవచ్చా అన్నదాని మీద మన తెలుగువారు ఎం. నరసింహం కమిటీ 1985లోనే నివేదిక ఇచ్చింది. వి.పి. సింగ్ హయాంలో, 1990లో, ప్రభుత్వాధికారి మాంటెక్ సింగ్ అహ్లువాలియా ఒక సంస్కరణల పత్రం రాశారు. మన్మోహన్ ఆక్స్‌ఫర్డ్ పరిశోధనాంశమే భారత ఎగుమతులు. మన ఎగుమతులు ఎప్పటికీ పెరగవు అని దేశమంతా నమ్ముతున్న రోజుల్లో ఆ నమ్మకాన్ని అంకెలతో ప్రశ్నించిన పని అది. ఐఎంఎఫ్ ఒత్తిడి ఉన్నమాట నిజం. విదేశీ మారక నిల్వలు రెండు మూడు వారాల దిగుమతులకు కూడా చాలీచాలని స్థితిలో ఉన్నప్పుడు అప్పిచ్చేవాడి మాటకు బలం ఉంటుంది. అయితే ఏ రోజు ఏది చెయ్యాలన్న వరస మాత్రం ఢిల్లీలోనే తేలింది.

రూపాయి విలువ తగ్గింపునే తీసుకోండి. 1966లో ఇందిరాగాంధీ ఒక్క దెబ్బన డాలరుకు 4.76 నుంచి 7.50 రూపాయలకు దించి, సొంత పార్టీ చేతే తిట్లు తిన్నారు. ఆ జ్ఞాపకం కాంగ్రెస్‌లో పచ్చిగానే ఉంది. అందుకే 1991లో రెండు అంచెలుగా చేశారు. జూలై 1 సోమవారం మొదటి విడత, బుధవారం రెండో విడత. మధ్యలో ప్రధానికి సంకోచం కలిగింది, రెండోది ఆపగలమా అన్న ప్రశ్న వచ్చింది. మన్మోహన్ రిజర్వ్ బ్యాంకు డిప్యూటీ గవర్నరు సి. రంగరాజన్‌కు ఫోను చేసేటప్పటికే ప్రకటన వెలువడిపోయింది. డాలరుకు 21 రూపాయల చిల్లరగా ఉన్న మారకం మూడు రోజుల్లో 26 రూపాయల దగ్గరికి చేరింది.

అసలు పనితనం మర్నాటి నిర్ణయంలో ఉంది. జూలై 4న ఎగుమతిదారులకు ఇచ్చే నగదు సబ్సిడీని ఎత్తేశారు. రూపాయి చవకైనందువల్ల ఎగుమతిదారుకు ఎలాగూ లాభం వస్తుంది, ఇక ఖజానా నుంచి సొమ్ము ఎందుకు ఇవ్వాలన్నది తర్కం. వాణిజ్యమంత్రి చిదంబరం, ఆ శాఖ కార్యదర్శి అహ్లువాలియా, ఆర్థికమంత్రి మన్మోహన్ ముగ్గురూ ఒకే రోజు ఒకే మాట మీద నిలబడితేనే ఇది జరిగింది. ఒక వారం ఆలస్యమైతే లాబీలు మేలుకునేవి. సబ్సిడీ ఎందుకు తీసెయ్యాలో బి.ఎ. విద్యార్థి కూడా రాయగలడు. విలువ తగ్గించిన మర్నాడే తీసెయ్యాలని పట్టుకోవడానికి మాత్రం సచివాలయంలో తలపండాలి.

పారిశ్రామిక విధానం సంగతీ అంతే. పరిశ్రమల శాఖను పీవీ తన దగ్గరే ఉంచుకున్నారు. పద్దెనిమిది పరిశ్రమలకు తప్ప లైసెన్సు అక్కర్లేదన్న ప్రకటన జూలై 24న, బడ్జెట్ రోజునే సభ ముందుకు వచ్చింది. మర్నాటి పత్రికల దృష్టి అంతా బడ్జెట్ మీదకే పోయింది. పార్టీలో గొణుగుడు వినిపించినప్పుడు విధానాన్ని ముట్టుకోలేదు, నెహ్రూ, ఇందిర, రాజీవ్ పేర్లతో దానికి ముందుమాట కలిపారు. ఈ ఒడుపు పీవీది. ఆయన అండ లేకుండా 1991 మన్మోహన్‌ను ఊహించడం కష్టం. తెలుగువాళ్లం కాబట్టి పీవీకి వాటా పెంచుతున్నాం అని కొందరు అంటారు. రికార్డు చూసినా ఆ వాటా తగ్గదు.

అపోహ: దేశం బంగారాన్ని మన్మోహన్ తాకట్టు పెట్టారు.

సగం నిజం. మొదటి విడత 1991 మేలో, చంద్రశేఖర్ ప్రభుత్వం ఉండగానే జరిగింది. దొంగరవాణాలో పట్టుబడి ప్రభుత్వం దగ్గరున్న 20 టన్నుల బంగారాన్ని స్టేట్ బ్యాంకు ద్వారా స్విట్జర్లాండు బ్యాంకుకు, మళ్లీ కొనుక్కునే ఏర్పాటుతో అమ్మారు. అప్పటి ఆర్థికమంత్రి యశ్వంత్ సిన్హా. జూలైలో రిజర్వ్ బ్యాంకు దాదాపు 47 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర కుదువపెట్టి సుమారు 40 కోట్ల డాలర్లు తెచ్చింది. మన్మోహన్ ఆర్థికమంత్రిగా ఉండగా జరిగింది ఈ రెండోదే. ఆ బాకీ ఏడాది తిరక్కుండానే తీరింది.

అపోహ: ఆర్థికవేత్తకు రాజకీయం తెలియదు. ఒత్తిడి వస్తే లొంగిపోతాడు, లేదంటే మొండికేస్తాడు.

ఎరువుల కథ చదివితే ఈ మాట నిలవదు. నేను ఎక్కువసేపు చెప్పే పాఠం ఇదే. 1991 బడ్జెట్‌లో ఎరువుల ధరలు సగటున 40 శాతం పెంచారు. ద్రవ్యలోటు, అంటే రాబడికి మించి అప్పుతో ప్రభుత్వం చేసే ఖర్చు, అంతకుముందు ఏడు జీడీపీలో (దేశ మొత్తం ఉత్పత్తి విలువలో) 8 శాతం దాటింది, దాన్ని 6.5 శాతానికి తేవాలి. సబ్సిడీ మీద చెయ్యి పెట్టకుండా ఆ లెక్క కుదరదు. కాంగ్రెస్ ఎంపీలే తిరగబడ్డారు. ప్రభుత్వానికి లోక్‌సభలో సొంత మెజారిటీ లేదు. ఆగస్టులో మన్మోహన్ సభలో లేచి పెంపును 30 శాతానికి తగ్గించి, చిన్న, సన్నకారు రైతులను దాని నుంచి మినహాయించారు. కానీ లోటు లక్ష్యాన్ని మాత్రం సడలించలేదు. రైతుకు ఇచ్చింది ఇంకోచోట ఖర్చు తగ్గించి సర్దుకుంటామన్నారు. ఏది వదలొచ్చు, ఏది వదలకూడదు అన్న గీత ఆయన మనసులో స్పష్టంగా ఉందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఈ కథకు చేదు భాగమూ ఉంది. 1992 ఆగస్టులో ఫాస్ఫేట్, పొటాష్ ఎరువుల మీద నియంత్రణ తీసేశారు. యూరియాను మాత్రం నియంత్రణలోనే ఉంచి, ధర 10 శాతం తగ్గించారు కూడా. భాస్వరం ఎరువైన డీఏపీ, పొటాష్ ధరలు ఎగబాకాయి, యూరియా చవగ్గా దొరికింది. రైతు చెయ్యి సహజంగానే యూరియా బస్తా మీదకి పోయింది. నత్రజని ఎక్కువై భాస్వరం, పొటాష్ తగ్గితే నేలకు ఏమవుతుందో వ్యవసాయాధికారి ఎవరినడిగినా చెబుతారు. పద్దెనిమిదేళ్ల తర్వాత, ఆయనే ప్రధానిగా ఉండగా, 2010 ఏప్రిల్‌లో పోషకాల ఆధారిత సబ్సిడీ విధానం తెచ్చారు. అందులోనూ యూరియాను చేర్చలేకపోయారు. సమస్య ఏమిటో ఆయనకు తెలియకనా? తెలుసు. యూరియా ధర ముట్టుకుంటే ఏ పార్టీకైనా చెయ్యి కాలుతుందని కూడా తెలుసు. ఆర్థికవేత్త ప్రధాని అయినంత మాత్రాన ఆ నిప్పు చల్లారదు. ఈ విషయంలో ఆయన ఇంకొంచెం తెగించి ఉండాల్సిందని నా గట్టి అభిప్రాయం. 2009 గెలుపు తర్వాత మొదటి ఏడాది అందుకు అవకాశం ఉంది.

అపోహ: ప్రజల ఓటు లేనివాడు కాబట్టి ఆయన పాలన చట్టబద్ధం కాదు.

చట్టం సంగతి తేలిక. సభ్యుడు కానివారు మంత్రి అయితే ఆరు నెలల్లో ఏదో ఒక సభకు ఎన్నికవ్వాలని రాజ్యాంగం చెబుతోంది. 1991 జూన్‌లో పీవీ కూడా ఎంపీ కాదు. నవంబరులో నంద్యాల ఉపఎన్నికలో, తెలుగుదేశం పోటీకి దిగకపోగా, అయిదు లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. మన్మోహన్ అసోం నుంచి రాజ్యసభకు వెళ్లారు. 1999లో దక్షిణ ఢిల్లీ నుంచి లోక్‌సభకు నిలబడి ఓడిపోయారు, మళ్లీ ప్రత్యక్ష ఎన్నికలకు వెళ్లలేదు.

చట్టానికి అవతల ఉన్న ప్రశ్న మాత్రం బరువైనదే. సొంత ఓటు బలం లేని నాయకుడు ప్రతి పెద్ద నిర్ణయానికీ ఇంకొకరి బలం అరువు తెచ్చుకోవాలి. 1991లో పీవీ ఇచ్చారు. 2004 తర్వాత పార్టీ పగ్గాలు సోనియా గాంధీ దగ్గర, సభలో మెజారిటీ నిలిపే మద్దతు వామపక్షాల దగ్గర ఉన్నాయి. ఆ పదేళ్లలో ఆయన పదవినే పణంగా పెట్టింది అమెరికాతో అణు ఒప్పందం ఒక్కదాని కోసమే. దాని మీద వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకోగా, 2008 జూలై 22న 275-256 ఓట్లతో విశ్వాస పరీక్ష నెగ్గారు. అంతటి పట్టు ఆర్థిక విషయాల్లో చూపలేదు. 2012 బడ్జెట్‌లో ప్రణబ్ ముఖర్జీ పాత లావాదేవీలకు కూడా వర్తించేలా పన్ను చట్టం మార్చినప్పుడు ప్రధాని కుర్చీలో ఉన్నది అర్థశాస్త్రంలో డాక్టరేట్ ఉన్న మనిషే.

అపోహ: మార్కెట్లు తెరిచినవాడికి పేదల గోడు పట్టదు.

ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ఆయన ప్రారంభించింది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. మొదటి దశలో 200 జిల్లాలు, గ్రామీణ కుటుంబానికి ఏడాదిలో వంద రోజుల పని. ఆ చట్టానికి ఊపిరి పోసింది సోనియా గాంధీ అధ్యక్షతలోని జాతీయ సలహా మండలి, ప్రజా సంఘాలు. కానీ వృద్ధి 9 శాతం దగ్గర్లో ఉండి పన్నుల రాబడి పెరుగుతున్న కాలం కాబట్టే ఖజానా ఆ భారం మోయగలిగింది. ఈ రెండింటినీ విడదీసి చూసేవాళ్లు ఒక బడ్జెట్ పత్రం తెరిచి రాబడి పద్దు, ఖర్చు పద్దు పక్కపక్కన పెట్టుకుంటే చాలు.

అపోహ: ఆర్థికవేత్తలంతా ఒకేలా ఆలోచిస్తారు, ఎవరిని తెచ్చినా అదే విధానం.

పశ్చిమ బెంగాల్ వైపు చూడండి. కేంద్రంలో ప్రధాన ఆర్థిక సలహాదారుగా చేసిన అశోక్ మిత్రా, 1977లో వామపక్ష ప్రభుత్వానికి ఆర్థికమంత్రి అయ్యారు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆర్థికమంత్రిగా ఉన్న అసీం దాస్‌గుప్తా ఎంఐటీలో డాక్టరేట్ చేసిన మార్క్సిస్టు. రాష్ట్రాల ఆర్థికమంత్రుల కమిటీకి నాయకత్వం వహించి, అమ్మకం పన్ను స్థానంలో వచ్చిన వ్యాట్ (విలువ ఆధారిత పన్ను) మీద ఏకాభిప్రాయం తెచ్చింది ఆయనే. 2011లో ఖడ్‌దహా నియోజకవర్గంలో ఆయన్ను ఓడించింది అమిత్ మిత్రా, ఇంకో ఆర్థికవేత్త, ఇంకో పార్టీ.

అపోహ: ఆర్థికవేత్త సభలో మాట్లాడితే అది రాజకీయం కాదు, లెక్క.

2016 నవంబరు 24న రాజ్యసభలో నోట్ల రద్దు మీద మన్మోహన్ చేసిన ప్రసంగం విద్యార్థులకు నేను పూర్తిగా చదివిస్తాను. "వ్యవస్థీకృత దోపిడీ, చట్టబద్ధమైన లూటీ" అన్నది రాజకీయ నాయకుడి మాట. దీర్ఘకాలంలో మేలు జరుగుతుందన్నవారికి "దీర్ఘకాలంలో మనమంతా పోయేవాళ్లమే" అన్న ఆర్థికవేత్త కీన్స్ మాట గుర్తుచేసింది కేంబ్రిడ్జి విద్యార్థి. జీడీపీ 2 శాతం దాకా పడిపోవచ్చన్నది అంచనా. అంచనాను ఎవరు చెప్పినా అంకెలతోనే పరీక్షించాలి. తర్వాత సవరించిన అధికారిక లెక్కల్లో 2016-17 వృద్ధి 8 శాతం దాటినట్టు తేలింది, మరుసటి ఏడాది 7 శాతం లోపుకు దిగింది. అదే ప్రసంగంలో ఆయన అనధికార రంగం, సహకార బ్యాంకులు, రోజుకూలీల గురించి ప్రస్తావించారు. ఆ రంగాల దెబ్బ అప్పటి త్రైమాసిక జీడీపీ లెక్కల్లోకి నేరుగా ఎక్కేది కాదు, ఎందుకంటే వాటి ఉత్పత్తిని చాలావరకు నమోదైన కంపెనీల అంకెల ఆధారంగానే ఊహించి వేసేవారు. అందుకని ఆయన అంచనా తప్పిందా, లేక కొలబద్దే పొట్టిదా అన్న వాదన క్లాసులో బెల్లు మోగాక కూడా నడుస్తూనే ఉంటుంది.