ఆటోనగర్ షెడ్డులో కూర్చుని చూసిన ఏ-టీమ్ మొదటి సీజన్: అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు మాది. నాన్న పెట్టారు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. నా చిన్నప్పుడు మా బాబాయి గల్ఫ్ నుంచి వస్తూ ఒక వీసీఆర్, అరడజను క్యాసెట్లు తెచ్చాడు. వాటిలో రెండింటి మీద పెన్నుతో ‘ఏ-టీమ్’ అని రాసి ఉండేది. వియత్నాం యుద్ధం చేసొచ్చిన మాజీ సైనికుల జట్టు కథగా సాగే అమెరికన్ టీవీ సీరియల్ అది. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కానీ ఏదో పాత షెడ్డులో చిక్కుకున్న మనుషులు అక్కడున్న తుక్కు ఇనుమే కోసి, వెల్డింగ్ పెట్టి, బండిని యుద్ధానికి సిద్ధం చేస్తుంటే అది అర్థం కావడానికి ఇంగ్లీషుతో పనేముంది? మా నాన్న చేసే పనే టీవీలో హీరోలు చేస్తున్నారు!

ఈ మధ్య మొదటి సీజన్ మొత్తం మళ్ళీ చూశాను. 1983 జనవరిలో అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్లో మొదలైంది. రెండు భాగాల పైలట్‌తో (సీరియల్ మొదలుపెట్టే తొలి కథ) కలిపి 14 ఎపిసోడ్లు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పాక కుర్రాళ్ళు కూడా ఫోన్ చుట్టూ చేరేవాళ్ళు. చూసినంతసేపూ వాదనలే. ఆ వాదనల్లోంచి పుట్టిందే ఇది.

అపోహ: మా క్యాసెట్లో ఏదో ఎపిసోడ్ ఎగిరిపోయింది.

ముప్పై ఏళ్ళు ఇదే అనుకున్నాను. ఆ జట్టులో ‘ఫేస్’ అని ఒక పాత్ర. మొదట ఒక ‘ఫేస్’ ఉంటాడు, తర్వాత చూస్తే ఇంకొకడు! బాబాయి రికార్డు చేసేటప్పుడు నిద్రపోయాడని ఇంట్లో అందరం తీర్మానించాం. అసలు సంగతి, పైలట్‌లో ఆ పాత్ర వేసింది టిమ్ డనిగన్. వియత్నాం యుద్ధం చేసొచ్చినవాడిగా మరీ కుర్రాడిలా ఉన్నాడని మార్చేసి డర్క్ బెనెడిక్ట్‌ను పెట్టుకున్నారు. బాబాయికి ఫోన్ చేసి చెప్పాను. “ఇన్నాళ్ళకు నా మీద నింద పోయిందిరా” అన్నాడు.

అపోహ: బండికి చుట్టూ రేకులు కొడితే తూటా దిగదు.

మా కుర్రాళ్ళలో ఇద్దరు దీన్ని గట్టిగా నమ్ముతారు. ఆ సీరియల్లో మనవాళ్ళ చేతుల్లో ఎక్కువగా కనిపించే తుపాకీ రూగర్ మినీ-14. దాని తూటా సెకనుకు 900 మీటర్ల పైచిలుకు వేగంతో వస్తుంది. మేం బాడీకి వాడే 16 గేజి రేకు మందం సుమారు 1.6 మి.మీ. అది దాని ముందు కాగితమే. పోనీ 6 మి.మీ. ప్లేటు వేద్దామా? అది మామూలు మైల్డ్ స్టీలైతే, దగ్గర్నుంచి కొట్టిన రైఫిల్ తూటాను ఆపుతుందని నమ్మడానికి లేదు. తూటాను ఆపేందుకు ప్రత్యేకంగా గట్టిపరిచిన ఉక్కు వేరే ఉంటుంది, అది ఏ పాత షెడ్డు మూలనా పడి ఉండదు.

ఇంకో లెక్క చూడండి. 6 మి.మీ. ప్లేటు చదరపు మీటరుకు 47 కిలోలు. వ్యాన్‌కి రెండు పక్కలు, ముందు, వెనక కలిపి పది చదరపు మీటర్లు వేసుకున్నా దాదాపు అర టన్ను అదనం. స్ప్రింగు పట్టీలు కూర్చుంటాయి, బ్రేకు పట్టదు, మలుపులో బండి మొగ్గేస్తుంది. సీరియల్లో మాత్రం అన్ని ప్లేట్లు వేసుకుని కూడా గంతులేస్తూ పోతుంది. ఇక్కడ మాత్రం నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

అపోహ: తుక్కుతో బండి తయారుచేయడం వట్టి కట్టుకథ.

ఇక్కడ నేను సీరియల్ పక్షం. రెండు నిమిషాల్లో అయిపోయినట్టు చూపించడం అబద్ధమే. మా దగ్గర ఒక లారీ బాడీకి వారాలు పడుతుంది. కానీ ఆ రెండు నిమిషాల్లో పని జరిగే తీరు నిజం. ఉన్నదేమిటో ముందు నేల మీద పరుచుకుని చూడటం, ఒకడు పట్టుకుంటే ఇంకొకడు కోయడం, పైపు పొట్టిదైతే అతుకు వేసి పొడుగు చేయడం. మాటల్లేకుండా చేయి చాపితే కావలసిన స్పానర్ చేతిలో పడటం. మిస్టర్ టీ వేసిన బీఏ పాత్ర ఆ జట్టు మెకానిక్. విమానమంటే హడలిపోతాడు గానీ ఇనుమంటే ప్రాణం. మెడనిండా బంగారు గొలుసులతో వెల్డింగ్ దగ్గర నిలబడితే మా నాన్న ఊరుకునేవారు కాదు, అది వేరే విషయం.

వాళ్ళు చూపించనిది ఒక్కటే, టాక్ వేయడం. రేకును మొదట అక్కడక్కడా చుక్కల్లా అతికించి, గుణ్యం (మూల సరిగ్గా ఉందో చూసే కొలబద్ద) పెట్టి చూసి, ఆ తర్వాతే పూర్తి వెల్డింగ్. ఒక చివర్నుంచి ఏకబిగిన లాగించేస్తే వేడికి రేకు అప్పడంలా వంకర తిరుగుతుంది. కొత్తగా చేరిన ప్రతివాడూ మొదటి నెలలో ఒక రేకు ఇలా పాడుచేస్తాడు. నేను మూడు పాడుచేశాను.

అపోహ: స్పీడుగా పోయే జీపు రాయి తగిలితే గాల్లో గిరగిరా తిరుగుతుంది.

ఆ సీరియల్ ముద్రే అది. జీపు పల్టీ కొడుతుంది, లోపలివాళ్ళు దుమ్ము దులుపుకుని బయటికొస్తారు. ఇలాంటి పల్టీకి ఒకవైపు చక్రాలు ఎక్కేలా పొద చాటునో బండి చాటునో ర్యాంపు పెడతారు. అది కాకపోతే ‘కానన్ రోల్’: బండి అడుగున గొట్టం బిగించి, అందులోంచి దిమ్మెను నేలకేసి పేల్చితే బండి లేస్తుంది. ఈసారి ఫోన్లో ఆపి ఆపి చూడండి, ఎగిరే ముందు ఒకవైపు చక్రాలే పైకెక్కడం తెలుస్తుంది. డ్రైవరు బతికి బయటపడేది అదృష్టంతో కాదు, లోపల వేసిన రోల్ కేజ్‌తో, అంటే పైపులతో కట్టిన పంజరంతో. దానికి అతుకులేని సీమ్‌లెస్ పైపు కావాలి. గేటుకు వాడే పైపుతో చేసిపెట్టమని ఒకాయన నన్నడిగాడు. కుదరదని పంపేశాను.

అపోహ: పెట్రోలు నిండా ఉన్న ట్యాంకే పేలుతుంది, ఖాళీ ట్యాంకుతో భయం లేదు.

తెరమీద బండి దేనికి తగిలినా భగ్గుమంటుంది. అది ఎఫెక్ట్స్ వాళ్ళు పెట్రోలూ పేలుడు మందూ కలిపి అమర్చిన మంట. నిజంగా పెట్రోలు ఆవిరి అంటుకోవాలంటే గాలిలో అది సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉండాలి. నిండా ఉన్న ట్యాంకులో గాలికి చోటే తక్కువ. పెట్రోలు తీసేసిన ట్యాంకులో మాత్రం అడుగున తడి, పైన ఆవిరి, దానికి సరిపడా గాలి. మా పనిలో నాకు నిజంగా టెన్షన్ పెట్టేది ఇదొక్కటే.

నాకు పదిహేనేళ్ళప్పుడు పక్క వరసలో ఒక షెడ్డులో డీజిల్ ట్యాంకు లీకుకు వెల్డింగ్ పెట్టారు. “డీజిలేగా, ఏం కాదులే” అన్నారట. డీజిల్ నిప్పురవ్వకు అంత తేలిగ్గా అంటుకోదు, నిజమే. కానీ వెల్డింగ్ వేడికి అడుగున మిగిలిన తడి ఆవిరవుతుంది. ఢామ్మని మోగితే మేమంతా పరిగెత్తాం. ట్యాంకు పక్క రేకు రెక్కలా విచ్చుకుని ఉంది. అదృష్టం, మేస్త్రీ అప్పుడే రాడ్డు మార్చడానికి ఒక పక్కకు వంగాడు. చేయి కాలింది, మొహం దక్కింది. ఆ రోజు నుంచి మా షెడ్డుకు ట్యాంకు వస్తే మూత, ఫ్లోట్ (లోపల ఇంధనం మట్టం చూపే భాగం) విప్పేయాలి, సర్ఫు నీళ్ళతో పలుమార్లు కడగాలి, అతుకు పడే చోటు దాకా నీళ్ళు నింపాలి, గాలి పోయే దారి తెరిచి ఉంచాలి. ఆలస్యమవుతోందని డ్రైవరు గొడవ చేస్తే టీ తాగి రమ్మంటాను.

అపోహ: వెల్డింగ్ చూసి కళ్ళు మండితే బంగాళదుంప ముక్క పెట్టుకుంటే సరి.

ఆ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాలుస్తాయి. బాధ వెంటనే తెలియదు, కొన్ని గంటల తర్వాత రాత్రిపూట ఇసుక పోసినట్టు మొదలవుతుంది. దుంపలూ పాలచుక్కలూ వద్దు, కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కూలింగ్ గ్లాసులు చాలవు, వెల్డింగ్ అద్దమే కావాలి.

అపోహ: బండి నాది, నా ఇష్టం వచ్చినట్టు మార్చుకుంటా.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. రంగు మార్చినా ఆర్సీలో ఎక్కించుకోవాలి.

పోయిన వారం గుంటూరు నుంచి ఒక కుర్రాడు పాత ఓమ్నీ వేసుకుని వచ్చాడు. ఫోన్లో ఏ-టీమ్ వ్యాన్ ఫొటో చూపించి అచ్చం అలాగే కావాలన్నాడు: నల్ల రంగు, పైన స్పాయిలర్, పక్కన ఏటవాలుగా ఎర్ర గీత. ముందు ఇనుప గార్డు కూడా కావాలట. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఏమంటాడో, గార్డు గుద్దుకుంటే ఆ దెబ్బ ఎవరికి తగులుతుందో అరగంట చెప్పాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు. చివరికి ఎర్ర గీత ఒక్కటి చాలన్నాడు. ఆ గీతకు మాత్రం స్ప్రే గన్ కుర్రాళ్ళ చేతికివ్వలేదు, నేనే పట్టుకున్నాను.