చిన్నారుల జట్టుతో మ్యాచ్‌కు వెళ్తున్న మీకు

బెంగళూరు

చిరంజీవులకు ఆశీస్సులు.

మన కాలనీలో పన్నెండేళ్లలోపు పిల్లల ఫుట్‌బాల్ జట్టుకు ఈ ఏడాది మీరే కోచ్‌లని తెలిసి ఎంతో సంతోషించాను. ఆస్టిన్ టౌన్, గౌతమపుర లాంటి పేటలు ఎందరో ఆటగాళ్లను కన్న ఊరిది. మ్యాచ్ రోజు గురించి నేను చెప్పదలచుకున్నది ఒకటే: పిల్లలు మైదానానికి వచ్చేసరికి మీ హడావిడి అంతా ముగిసిపోవాలి. కోచ్ కంగారు పడుతుంటే తొమ్మిదేళ్ల పిల్లవాడికి బంతి కనిపించదు.

అందుకే సగం పని ముందు రాత్రే చేసేయండి. ఎవరు మొదట దిగుతారో, ఎవరి స్థానంలో ఎవరు ఎప్పుడు వస్తారో కాగితం మీద రాసుకోండి. జట్టులో ప్రతి ఒక్కరూ ఆడాలి, ఇందులో బేరం లేదు. ఇళ్లకు ఫోను చేసి షిన్‌గార్డులు (ముంగాళ్లకు దెబ్బ తగలకుండా కట్టుకునేవి), పొడవాటి మేజోళ్లు గుర్తు చేయండి. చెవి కమ్మలు, గాజులు ఇంట్లోనే తీసేయించాలి. వాటిపై టేపు అంటించినా నియమాలు ఒప్పుకోవు. అందరి ముందూ రిఫరీ ఆపేస్తే ఆ పాప ముఖం ఎంత చిన్నబోతుందో ఆలోచించండి. భోజనం ఆటకు రెండు మూడు గంటల ముందే అయిపోవాలి. ఇడ్లీలు మంచివి, పూరీలు వద్దు. తర్వాత ఆకలేస్తే అరటిపండు చాలు.

మైదానానికి అందరికన్నా ముందు మీరే చేరాలి. ట్రాఫిక్ రద్దీ ఉండే సిల్క్ బోర్డు కూడలి మీదుగా రావలసినవారు ఇంకాస్త ముందుగా బయలుదేరండి. గాజు పెంకులు, గుంతలు ఉన్నాయేమో నడిచి చూడండి. గోల్‌పోస్టులు జరిపే రకమైతే నేలకు గట్టిగా బిగించారో లేదో కదిపి చూడండి. అవి మీద పడి పిల్లలు చనిపోయిన ఘటనలు ప్రపంచంలో చాలాచోట్ల జరిగాయి. ఈ వయసు వారికి నాలుగో నంబరు బంతి సరిపోతుంది.

వార్మప్ పావుగంట, ఇరవై నిమిషాలు, వీలైనంత బంతితోనే. ఆ రోజు కొత్తది ఏదీ నేర్పకండి. తెలిసినవాటిలో రెండు విషయాలు గుర్తు చేస్తే చాలు.

ఇక దెబ్బల సంగతి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన హైదరాబాదు రహీం సాహెబ్ శిక్షణలో భారత్ స్వర్ణం గెలిచింది. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ముందు వరుసలో ఆడించారు, జర్నైల్ గోలు కొట్టాడు. ఆ కథ నాకు ప్రాణం. కానీ పసిపిల్లల దగ్గర దాన్ని ఆదర్శంగా తీసుకోకండి. తలకు దెబ్బ తగిలాక తల తిరుగుతోందన్నా, వాంతి అయినా, స్కోరు గుర్తులేకపోయినా వెంటనే బయటికి తీసుకురండి. అనుమానం ఉన్నా సరే, ఆ రోజుకు ఆట ముగిసినట్టే. డాక్టరుకు చూపించాలి, పరిస్థితి తీవ్రంగా ఉంటే 108కి ఫోను చేయాలి. ఐసు, బ్యాండేజీలు, ఓఆర్‌ఎస్ సంచిలో ఉండాల్సిందే. ఐసును గుడ్డలో చుట్టి పెట్టండి, చర్మానికి నేరుగా తగలనీయవద్దు.

తల్లిదండ్రులతో మ్యాచ్‌కు ముందే మాట్లాడండి. చప్పట్లు కొట్టమనండి, సూచనలు మీకే వదిలేయమని మర్యాదగా అడగండి. గట్టు మీద నుంచి తెలుగులో ఒకరు, కన్నడంలో ఒకరు, తమిళంలో ఇంకొకరు దారి చెబుతుంటే పిల్లలు ఎవరి మాట వినాలి?

ఆట అయ్యాక చివరి పిల్లవాడు ఇంటివారి చేతికి చేరేదాకా కదలకండి. తక్కువసేపు ఆడినవారి పేర్లు ఆ సాయంత్రమే రాసిపెట్టండి, వచ్చే మ్యాచ్‌లో ముందు వారినే దింపాలి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య