మౌస్ బాగానే ఉంది సామీ: మా షాపులో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

తిరుపతి తిలక్ రోడ్డు పక్క సందులో నాదో చిన్న కంప్యూటర్ షాపు. సర్వీసింగ్, జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, ఆధార్‌తో డబ్బులు తీసివ్వడం, అన్నీ ఆ ఒక్క గదిలోనే. కొత్త మౌసో, కీబోర్డో కావాలని వచ్చినవాళ్లలో సగం మందికి పాతదే తుడిచి చేతికిచ్చి పంపిస్తుంటాను. నా వ్యాపారం అందుకే పెరగలేదని మా ఆవిడ కంప్లైంట్.

అపోహ: బాణం గుర్తు ఎగురుతోందంటే మౌస్ పోయినట్టే

దామలచెరువు మామిడికాయల మండీ నుంచి ఒకాయన వచ్చాడు. "ఆర్నెల్లలో ఇది మూడో మౌస్ సామీ" అన్నాడు. నా టేబుల్ మీద పెడితే చక్కగా నడిచింది. "మీ టేబుల్ ఎట్లాంటిదన్నా?" అని అడిగా. "గాజుది. కొత్తగా చేయించినాం" అన్నాడు.

అదీ సంగతి. ఇప్పటి మౌస్ అడుగున లైటుతో పాటు ఒక బుల్లి కెమెరా ఉంటుంది. సెకనుకు వెయ్యికి పైగా ఫొటోలు తీసి, ముందుదానితో తర్వాతది పోల్చి, ఎటు జరిగామో లెక్కేస్తుంది. నున్నటి గాజు మీద పోల్చుకోవడానికి దానికి ఒక గరుకైనా దొరకదు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో మౌస్‌ను కనిపెట్టిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్ జనానికి చూపించిన మౌస్‌కు కింద చక్రాలుండేవి, దానికి ఈ ఫొటోల గొడవ లేదు. మండీ ఆయనకు పాత క్యాలెండర్ కాగితం ఒకటి ఇచ్చి మౌస్ కింద వేసుకోమన్నాను. మొదటి రెండు మౌస్‌లు ఏం చేశారంటే, పారేశారట.

అపోహ: తెలుగు కొట్టాలంటే తెలుగు కీబోర్డు కొనాలి

కీబోర్డుకు తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు. ఏ మీట నొక్కారో దాని నంబరు పంపుతుంది, అంతే. ఏ అక్షరం వేయాలో చూసుకునేది కంప్యూటర్. విండోస్ సెట్టింగ్స్‌లో తెలుగు కలుపుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు మీటల అమరిక అందులోనే ఉంటుంది. అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి. కె మీద క, డి మీద పొల్లు, జె మీద ర. వరసగా మూడూ కొడితే క్ర. నెల రోజులు ఓపిక పడితే చేతికి అలవాటైపోతుంది.

పెళ్లిపత్రికలు కొట్టే మన డీటీపీ కుర్రాళ్లు వాడే అను ఫాంట్లది వేరే లోకం. అందులో కొట్టింది వాట్సాప్‌లో పెడితే పిచ్చిగీతలు వస్తాయి. ఆ పాపం కీబోర్డుది కాదు, అవి యూనికోడ్ (అన్ని ఫోన్లకూ కంప్యూటర్లకూ ఒకటే అయిన అక్షరాల నంబర్ల పద్ధతి) ఫాంట్లు కాకపోవడం వల్ల వచ్చిన తంటా.

అపోహ: బార్‌కోడ్ 890తో మొదలైతే ఇండియాలో తయారైన సరుకే

ఏటా దీపావళికి తిరిగే ఫార్వర్డ్ ఇది. ఆ కంపెనీ నంబరు తీసుకున్నది బార్‌కోడ్ నంబర్లిచ్చే సంస్థ జీఎస్1 ఇండియా దగ్గర అని మాత్రమే దానర్థం. సరుకు ఎక్కడైనా తయారై ఉండొచ్చు. ధర కూడా ఆ గీతల్లో ఉండదు, షాపు కంప్యూటర్లో ఉంటుంది. బార్‌కోడ్ స్కానర్ పనిచేయడం లేదని అనుమానమా? నోట్‌ప్యాడ్ తెరిచి సబ్బు పెట్టె మీది బార్‌కోడ్ స్కాన్ చేసి చూడండి. అంకెలు టకటకా పడితే స్కానర్ మంచిదే, తప్పు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో వెతకాలి. కంప్యూటర్ దృష్టిలో చాలా బార్‌కోడ్ స్కానర్లు కీబోర్డులే.

అపోహ: స్కానర్లో డీపీఐ ఎంత పెంచితే అంత మంచిది

ఇది కాగితాలు స్కాన్ చేసే మిషన్ సంగతి. డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు (పిక్సెళ్లు) అన్న లెక్క. సర్టిఫికెట్లకు 300 చాలు. 600 పెడితే పిక్సెళ్లు నాలుగింతలవుతాయి, ఫైలు పెద్దదై అప్‌లోడ్ దగ్గర వెబ్‌సైటు తిప్పికొడుతుంది.

అపోహ: వేలు గట్టిగా అదిమితే ముద్ర బాగా పడుతుంది

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. ఆధార్‌తో డబ్బులు తీసుకోవడానికి చంద్రగిరి వైపు నుంచి ఒక అవ్వ వస్తుంది. చెనిక్కాయలు వలిచి వలిచి చూపుడువేలు నున్నగా అరిగింది. పడలేదంటే ఇంకా గట్టిగా నొక్కుతుంది. అదిమేకొద్దీ వేలి గీతలు చదునై ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, వేలిముద్ర మిషన్‌కు ఏమీ తెలియదు. వేళ్లు మరీ ఎండిపోయినా అంతే. తడిగుడ్డతో తుడిచి, ఆరాక, తేలిగ్గా ఆనించాలి. మిషన్ అద్దం కూడా తుడవాలి. ఆధార్‌లో పది వేళ్లూ ఉంటాయి కాబట్టి చూపుడువేలే పెట్టాలని రూలేం లేదు. అవ్వకు ఉంగరం వేలు పడింది.

అవ్వకు చదువు రాదు. అందుకే ఎంత తీస్తున్నానో స్క్రీన్ మీద అంకె చూపించి, పైకి చదివి, "ఎంతవ్వా?" అని ఆమె నోటితోనే చెప్పించుకున్నాకే వేలు పెట్టమంటాను.