సైన్యంలో చేసిన ఏళ్ళు ఫెడరల్ పెన్షన్‌లో కలుస్తాయా? అపోహలు - వాస్తవాలు

అమెరికా సైన్యంలో పనిచేసి, తర్వాత అక్కడే ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ఉద్యోగంలో చేరినవాళ్ళ రిటైర్మెంట్ ఫైళ్ళు చూడటం నా పని. "నా సర్వీసు ఎన్నేళ్ళు లెక్కకొస్తుందండీ?" అని అడుగుతారు. "ఏ లెక్కకి?" అని నేను ఎదురు అడుగుతాను. వీఏ (మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) కొలత వేరు, సైనిక పెన్షన్ కొలత వేరు, సివిల్ ఉద్యోగానికి వచ్చే ఫెర్స్ పెన్షన్ కొలత వేరు. ఒకదాంట్లో కలిసిన ఏళ్ళు ఇంకోదాంట్లో కలవాలని లేదు.

అపోహ: ఉద్యోగంలో చేరిన రోజే డీడీ 214 (సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే సర్వీసు పత్రం) ఇచ్చేశాను, ఆ ఏళ్ళు వాటంతటవే కలిసిపోతాయి.

వాస్తవం: ఫెర్స్ పెన్షన్‌లో కలవవు. నేను చూసిన నష్టాల్లో ఎక్కువ ఇక్కడ జరిగినవే. ఈ అపోహ ఊరికే పుట్టలేదు. చేరగానే సెలవుల లెక్కలో మాత్రం మీ సైనిక సర్వీసు కలుపుతారు. నాలుగేళ్ళు చేసి వచ్చినవారికి మొదటి నుంచే రెండు వారాలకు 4 గంటలకు బదులు 6 గంటల సెలవు జమవుతుంది. పే స్లిప్‌లో అది చూసి, పెన్షన్‌లో కూడా కలిసిందనుకుని నిశ్చింతగా ఉండిపోతారు.

పెన్షన్‌లో కలవాలంటే డిపాజిట్ కట్టాలి. సైన్యంలో తీసుకున్న బేసిక్ పేలో 3 శాతం (1999, 2000 సంవత్సరాలకు రేటు కాస్త ఎక్కువ). ఇంటి అలవెన్సు, భోజనం అలవెన్సు ఇందులోకి రావు. నాలుగేళ్ళ బేసిక్ పే మొత్తం 96,000 డాలర్లు అనుకుందాం. డిపాజిట్ 2,880 డాలర్లు. జీతం బాగా ఎక్కువగా ఉన్న వరుస మూడేళ్ళ సగటు 90,000 అయితే, ఏడాది సర్వీసుకు 1 శాతం చొప్పున, ఆ నాలుగేళ్ళకు పెన్షన్ ఏటా 3,600 డాలర్లు పెరుగుతుంది. పది నెలలు తిరక్కుండానే కట్టింది వెనక్కి వచ్చేస్తుంది, ఆ తర్వాత బతికినంత కాలం వస్తూనే ఉంటుంది. 62 ఏళ్ళు నిండి, మొత్తం సర్వీసు 20 ఏళ్ళు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే 1 శాతం కాస్తా 1.1 అవుతుంది. ఆ 20 ఏళ్ళలో డిపాజిట్ కట్టిన సైనిక సర్వీసు కూడా చేరుతుంది.

అపోహ: తొందరేముంది, రిటైరయ్యేటప్పుడు కట్టొచ్చు.

వాస్తవం: ఉద్యోగంలో ఉన్నంతకాలం కట్టొచ్చు, కానీ వడ్డీతో. మొదటి రెండేళ్ళకు వడ్డీ లేదు. తర్వాత మొదలయ్యే వడ్డీని మూడో ఏడాది నిండాక వేస్తారు. కాబట్టి చేరిన మూడేళ్ళలోపు పూర్తిచేస్తే అసలుతో పోతుంది. ఆ తర్వాత ఏటేటా వడ్డీ మీద వడ్డీ.

అంతకంటే ముఖ్యం, ఉద్యోగం వదిలాక కట్టే వీలుండదు. ఒకాయన చివరి పనిదినం అయిపోయిన మూడు వారాలకు నాకు ఫోన్ చేశారు. సైన్యంలో ఆరేళ్ళు చేశారు. "ఇప్పుడే చెక్కు పంపిస్తానండీ, ఎంతో చెప్పండి" అన్నారు. ఆ చెక్కు తీసుకునే దారి లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆరేళ్ళ సర్వీసు అలా పోయింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ విషయం పనిగట్టుకుని ఎవరూ గుర్తుచెయ్యరు, మీరే అడగాలి.

అపోహ: డిపాజిట్ కడితే వీఏ ఇచ్చే డిజబిలిటీ డబ్బు ఆగిపోతుంది.

వాస్తవం: ఆగదు. ఈ భయంతో కట్టకుండా ఉన్నవాళ్ళను చూస్తే బాధేస్తుంది. వదులుకోవాల్సి వచ్చేది సైనిక పెన్షన్, అదీ సాధారణంగా 20 ఏళ్ళు యాక్టివ్ డ్యూటీ (పూర్తికాలం సైనిక సర్వీసు) చేసి పెన్షన్ తీసుకుంటున్నవాళ్ళే. వీళ్ళు సైనిక ఏళ్ళను ఫెర్స్‌లో కలపాలంటే ఆ పెన్షన్ మానుకోవాలి. చాలామందికి అది గిట్టుబాటు కాదు, కాగితం మీద లెక్క వేసుకున్నాకే నిర్ణయించుకోండి. యుద్ధంలో కలిగిన వైకల్యం వల్ల పెన్షన్ వస్తున్నవాళ్ళకు, రిజర్వ్ (పార్ట్‌టైమ్ సైనిక) సర్వీసు మీద పెన్షన్ వచ్చేవాళ్ళకు ఈ షరతు లేదు.

అపోహ: రెండేళ్ళు పూర్తిచెయ్యకపోతే వీఏ నుంచి ఏమీ రాదు.

వాస్తవం: 1980 సెప్టెంబర్ 7 తర్వాత సైన్యంలో చేరినవాళ్ళకు చాలా సదుపాయాల విషయంలో 24 నెలల నిబంధన ఉన్న మాట నిజమే. కానీ సర్వీసులో తగిలిన గాయానికో, వచ్చిన జబ్బుకో ఇచ్చే పరిహారానికి అది వర్తించదు. బయటికొచ్చిన ఏడాదిలోపు క్లెయిమ్ వేసి, అది మంజూరైతే విడుదలైన మర్నాటి నుంచే లెక్కకడతారు. ఏడాది దాటితే మామూలుగా క్లెయిమ్ వేసిన తేదీ నుంచే.

కొలతలు ఎంత వేరో చూడాలంటే సైనిక అధికారులను తయారుచేసే వెస్ట్ పాయింట్ అకాడమీలో చదివిన నాలుగేళ్ళను తీసుకోండి. సైనిక అధికారి పెన్షన్‌లో అవి కలవవు. మాజీ సైనికుల చదువుకు సాయమిచ్చే పోస్ట్ 9/11 జీఐ బిల్లుకూ పనికిరావు. డిపాజిట్ కడితే ఫెర్స్‌లో మాత్రం నాలుగేళ్ళూ కలుస్తాయి. క్యాడెట్ జీతం తక్కువ కాబట్టి కట్టాల్సిందీ తక్కువే. చాలామందికి తెలియదు ఇది.

ఇక చిన్నవి. వారాంతపు రిజర్వ్ డ్రిల్లులు ఫెర్స్‌లోకి రావు. భారత సైన్యంలో చేసిన సర్వీసు కూడా రాదు. ఫెర్స్ పెన్షన్‌కి అర్హత రావాలంటే సివిల్ ఉద్యోగమే కనీసం ఐదేళ్ళు చెయ్యాలి, సైనిక ఏళ్ళతో ఆ ఐదూ నిండవు.

మొదలుపెట్టాలంటే డీడీ 214లో మెంబర్ 4 కాపీ తియ్యండి. మెంబర్ 1 కాపీలో సర్వీసు ఎలాంటిదో చెప్పే 24వ గడి ఉండదు, అది పంపితే తిరిగొస్తుంది. ఆర్ఐ 20-97 ఫారం దానికి జతచేసి సైన్యం పే సెంటర్‌కు పంపితే మీ బేసిక్ పే వివరాలు పంపిస్తారు. అవి వచ్చాక ఎస్‌ఎఫ్ 3108 ఫారంతో మీ హెచ్‌ఆర్‌కు ఇవ్వండి. ఒకేసారి కట్టొచ్చు, జీతంలోంచి కొంచెం కొంచెంగానూ కోయించుకోవచ్చు. మొత్తం కట్టినట్టు ఇచ్చే ఉత్తరాన్ని స్కాన్ చేసి ఇంట్లో ఒక కాపీ ఉంచండి. ఇరవై ఏళ్ళ తర్వాత ఆఫీసు ఫైల్లో అది కనపడకపోతే, మీ దగ్గరున్న ఆ కాగితమే నేను అడిగేది.