ఎలుకల్లో బరువు తగ్గిందట! మూలికా సారాల పరీక్షలపై అపోహలు - వాస్తవాలు

గత నెలలో మా చిన్నమ్మ ఫోన్ చేసి, తాను కొన్న మూలికల గుళికల డబ్బా మీద “జంతువులపై పరీక్షించి నిరూపించినది” అని ఉందనీ, షుగరు మాత్రలు ఆపేసి వీటిని వేసుకుంటే బరువూ షుగరూ రెండూ తగ్గుతాయని ఎవరో చెప్పారనీ, అది నిజమేనా అనీ అడిగింది. మేత పెట్టి లావెక్కించిన చిట్టెలుకలకు మూలికా సారాలు ఇచ్చి చూడడమే నా వృత్తి కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. డాక్టరును అడగకుండా ఒక్క మాత్ర కూడా ఆపవద్దని ముందు ఆమెకు చెప్పాను. తరువాత చెప్పింది ఇది.

అపోహ: సారం ఇచ్చిన ఎలుకలు బరువు తగ్గాయంటే ఆ సారం కొవ్వును కరిగించినట్లే.

వాస్తవం: చాలా ప్రయోగాల్లో ఎలుకలు అసలు తగ్గవు, తోటివాటికంటే తక్కువ పెరుగుతాయి. కెలోరీల్లో 60 శాతం కొవ్వు నుంచే వచ్చే మేతను మొదలుపెట్టిన రోజునే సారం కూడా మొదలుపెడితే, అది లావెక్కకుండా అడ్డుకుంటుందా అన్నది తేలుతుందే తప్ప, ఇప్పటికే లావుగా ఉన్నవారికి చికిత్సగా పనికివస్తుందా అన్నది తేలదు. అది తెలియాలంటే ముందు ఎనిమిది, పది వారాలు మేపి లావెక్కించి, ఆ తరువాతే సారం ఇవ్వాలి. ఈ తేడా పరిశోధన వ్యాసం లోపల ఉంటుంది, ప్రకటనలో ఉండదు.

ఇంతకన్నా పెద్ద ప్రశ్న మరొకటి ఉంది. నా పీహెచ్‌డీ రోజుల్లో ఒక ఆకు నుంచి ఆల్కహాలుతో తీసిన సారాన్ని మేతలోనే కలిపి పెట్టాను. పది వారాలు తిరిగేసరికి సారం కలపని వట్టి కొవ్వు మేత తిన్నవి 40 గ్రాములు దాటాయి, సారం కలిపిన మేత పెట్టినవి 33 దగ్గరే ఆగాయి. ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. మా గైడ్ మాత్రం గ్రాఫు చూసి, “ఎంత తిన్నాయి?” అని ఒకే మాట అడిగారు. పెట్టిన మేతలోంచి మిగిలినది తీసివేసి నేను లెక్క రాసుకున్న మాట నిజమే కానీ, ఆ మేత చేతికి జిడ్డు అంటుతూ ఇట్టే విరిగి రాలిపోతుంది. మరుసటి వారం పంజరాల అడుగున పరిచిన ఊకను జల్లించి చూస్తే, సారం కలిపిన పంజరాల్లోనే కొరికి పారేసిన నీలిరంగు మేత ముక్కలు గుప్పెడేసి దొరికాయి. ఆ పంజరాల్లోని ఎలుకలు నిజంగా తిన్న కొలతకు సరిగ్గా సమానంగా వట్టి కొవ్వు మేతను మరో గుంపుకు పెట్టి చూశాము. ఆ గుంపు కూడా 33 గ్రాముల దగ్గరే ఆగింది. నా సారం చేసిన ఘనకార్యమల్లా మేతను చేదెక్కించడమే.

జబ్బుపడిన ఎలుక కూడా బరువు తగ్గుతుంది. అందుకే కొవ్వు ఎంత తగ్గింది, కండ ఎంత పోయింది, కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే కాలేయం ఎంజైములు ఎలా ఉన్నాయి అన్నవి లేకుండా బరువు గ్రాఫు ఒక్కదాన్నే చూపించే వ్యాసాన్ని నేను పక్కన పెడతాను. సారం కలిపే ద్రవాన్ని మాత్రమే ఇచ్చిన గుంపు లేకపోయినా అంతే; రోజూ మెడ పట్టి నోట్లోకి గొట్టపు సూది దింపితే ఆ ఒత్తిడికే కొన్ని తగ్గుతాయి.

మిగిలిన అపోహలను త్వరగా ముగిస్తాను. చిట్టెలుకకు దాని బరువులో కిలోకు 400 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చారు కాబట్టి 70 కిలోల మనిషికి 28 గ్రాములు అన్న లెక్క తప్పు. శరీర ఉపరితలాన్ని బట్టి చిట్టెలుక మోతాదును సుమారు 12.3తో భాగించాలి, అప్పుడు రోజుకు 2.3 గ్రాములే వస్తుంది, అదీ మొదటి అంచనా మాత్రమే. ఇంట్లో కాచిన కషాయం, ఆల్కహాలుతో తీసిన సారం ఒకటి కావు. సహజమైనది కాబట్టి హాని చేయదన్న మాట మరీ ప్రమాదకరం: గ్రీన్ టీ సారంలోని ఈజీసీజీ అనే పదార్థాన్ని రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్నవారిలో కాలేయం ఎంజైములు పెరిగినట్లు యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో తెలిపింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో పుట్టిన డబ్ల్యూఎన్ఐఎన్-ఓబీ రకం ఎలుకలు పుట్టుకతో వచ్చిన జన్యులోపం వల్ల లావెక్కుతాయి, మేత వల్ల లావెక్కినవాటితో వాటిని కలిపి మాట్లాడకూడదు.

ఎలుకల్లో నిజంగానే పనిచేసినది మనుషుల్లో పనిచేయకపోవడమూ ఉంది. కేరళలో చేపల పులుసులో వేసే కొడంపులి జాతి కాయల నుంచి తీసే గార్సినియా సారం ఎలుకల్లో ఆకలిని, కొవ్వు తయారీని తగ్గించింది. 1998లో ప్రచురించిన పరీక్షలో 135 మందిని రెండు గుంపులు చేసి 12 వారాలు చూస్తే, సారం తీసుకున్నవారు సగటున 3.2 కిలోలు, ఉత్తుత్తి గుళికలు మింగినవారు 4.1 కిలోలు తగ్గారు. లెక్కకు వచ్చేంత తేడా లేదు. బరువు గురించి ఊరంతా ఏదో ఒకటి అంటుంటే ఆశపడడం తప్పు కాదు, ఆ ఆశను డబ్బాల్లో పెట్టి అమ్మేవారి మీదే నా కోపం.

ఏ జంతువు, ఎన్ని వారాలు, ఎంత మోతాదు అన్నవి డబ్బా మీద ఉన్నాయేమో చూడమన్నాను. చిన్నమ్మ కళ్లజోడు పెట్టుకుని నాలుగు వైపులా చదివి, ఒక్కటీ లేదని చెప్పి, “సీలు తీసేశానురా, వెనక్కి తీసుకుంటారంటావా?” అని అడిగింది.