తొట్టి దగ్గరి మనిషికి రిజిస్టరేదీ?

జర్మనీకి చెందిన లూయీ కూనే నీటి చికిత్సపై రాసిన పుస్తకం మన దేశంలో మొదట దిగింది తెలుగులోకే. 1894లో డి. వెంకటచలపతి శర్మ దాన్ని అనువదించారు. హిందీ, ఉర్దూ అనువాదాలు వచ్చేసరికి మరో పదేళ్లు పట్టింది. అంటే నీళ్లు, మట్టి, ఆవిరితో మందుల్లేకుండా చేసే ప్రకృతి చికిత్స మన దగ్గర వైద్య కళాశాల గుమ్మంలోంచి రాలేదు, పుస్తకంలోంచి వచ్చింది. చదివినవాళ్లు తొట్టి స్నానాల చికిత్సకు ఇంట్లోనే తొట్టి పెట్టుకున్నారు, నమ్మకం కుదిరాక ఇరుగుపొరుగుకూ చేశారు. గాంధీజీకీ మట్టి పట్టీల మీద గురి కుదిరింది పుస్తకాలతోనే. 1946లో ఆయన పుణె దగ్గర ఉరుళి కాంచన్‌లో ఆశ్రమం మొదలుపెట్టించారు.

పట్టా చదువు చాలా ఆలస్యంగా వచ్చింది. హైదరాబాద్‌లోని గాంధీ ప్రకృతి వైద్య కళాశాల ఈ దారిలో తొలి అడుగుల్లో ఒకటి. ఇప్పుడు ప్రకృతి వైద్యం, యోగాల డిగ్రీ బీఎన్‌వైఎస్ అంటే ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. కానీ పట్టా ఉన్న డాక్టరూ, ఆశ్రమంలో చూసి నేర్చుకున్న పెద్దాయనా ఒకే బోర్డు కట్టుకోగలిగే పరిస్థితి చాలాకాలం నడిచింది.

ఎందుకంటే చట్టానికి పట్టు దొరకలేదు. వైద్యుల చదువునూ, రిజిస్టరునూ చూసే కేంద్ర చట్టం ఆయుర్వేదం, సిద్ధ, యునానీలకు 1970లో వచ్చింది, హోమియోకు 1973లో. ప్రకృతి వైద్యానికి 1978లో దక్కింది పరిశోధన మండలి మాత్రమే. మందే లేని వైద్యం కాబట్టి 1940 నాటి మందుల చట్టమూ దీని జోలికి రాదు. రాష్ట్రాలది తలో దారి. కర్ణాటకలో 1961 చట్టం పేరులోనే నేచురోపతి ఉంది. 2020లో భారతీయ వైద్య విధానాల జాతీయ కమిషన్ చట్టం వచ్చినప్పుడైనా కలుస్తుందనుకున్నారు. యోగా, ప్రకృతి వైద్యాలను చేర్చమని పార్లమెంటరీ స్థాయీ సంఘం చెప్పింది కూడా. చేర్చలేదు.

ఈ పేచీ అంతా డాక్టర్ల గురించే. ఆశ్రమంలో తెల్లవారుజామున చూడండి. పొత్తికడుపు మీద తడి మట్టి పట్టీ వేసేదీ, ఎనిమా డబ్బా కొక్కేనికి తగిలించేదీ, తొట్టిలో నీళ్లు బొడ్డు దాకా వచ్చాయో లేదో చూసేదీ, ఆవిరి పెట్టె తలుపు తీసేదీ డాక్టరుగారు కాదు. ట్రీట్‌మెంట్ అసిస్టెంట్. షుగరు ముదిరి పాదాల్లో స్పర్శ తగ్గిన మనిషికి నీళ్లు కాలుతున్న సంగతి తెలియదు, ఆ వేడి అసిస్టెంట్ చేతికే తెలియాలి. గుండె జబ్బు ఉన్నాయనను ఆవిరి పెట్టెలో ఎన్ని నిమిషాలు ఉంచాలో డాక్టరు చీటీ మీద రాస్తాడు. లోపల ఆయన ముఖం పాలిపోతే కనిపెట్టాల్సింది మాత్రం తలుపు దగ్గర నిలబడ్డవాడే. మందు లేదు కాబట్టి ప్రమాదమూ లేదన్న మాట నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. ఇక్కడ చేయే మందు.

అలాంటి చేతికి శిక్షణ అసలు లేకపోలేదు. పుణెలోని జాతీయ ప్రకృతి వైద్య సంస్థ ట్రీట్‌మెంట్ అసిస్టెంట్లకు ఏడాది కోర్సు నడుపుతోంది. అది చదివినవాళ్లనే పెట్టుకోవాలన్న దేశవ్యాప్త నిబంధన లేదు. 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వచ్చింది. దాని జాబితాలో ఫిజియోథెరపిస్టులు, డైటీషియన్లు, ల్యాబ్ వాళ్లు ఉన్నారు. మట్టి పట్టీ వేసేవాళ్లు లేరు. డాక్టరుగారి పట్టా గోడ మీద ఫ్రేములో కనిపిస్తుంది. అసిస్టెంట్ పేరు కావాలంటే ఆశ్రమం జీతాల పుస్తకం తెరవాలి.