చిన్న ప్యాకెట్ కథ: గులాబీ పురుగు బీటీ పత్తిని ఎలా దాటింది

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురా, కోర్పనా తాలూకాల్లో నవంబరు నెలాఖరుకి పత్తి చేలోకి వెళ్తే ఏ రైతయినా ఒకే పని చేస్తూ కనిపిస్తాడు. చెట్టు మీది పచ్చి కాయ ఒకటి తెంపి, రెండు బొటనవేళ్ల మధ్య పెట్టి పగలగొడతాడు. పైకి కాయ మీద చిన్న మచ్చ కూడా ఉండదు. లోపల రెండు మూడు గదులు తెల్లగానే ఉంటాయి. ఒక గదిలో మాత్రం దూది గోధుమరంగుకి తిరిగి ముద్దకట్టి ఉంటుంది. గింజ డొల్ల. దాని పక్కనే అరంగుళం పురుగు, ఒంటి మీద గులాబీ చారలతో, వెలుతురు తగలగానే మెల్లగా మెలికలు తిరుగుతుంది. ఆ పత్తిని గుడ్డి పత్తి అంటాం. అది కలిసిందని తెలిస్తే కొనేవాళ్లు ధర తెగ్గోస్తారు.

మరాఠీ వాళ్లు దీన్ని బోండ్ అళీ అంటారు, మేం గులాబీ పురుగు అంటాం. 1956 దాకా రాజురా, కిన్వట్ తాలూకాలు ఆదిలాబాద్ జిల్లాలోనివే. హద్దు జరిగినా మా ఇళ్లలో తెలుగు జరగలేదు, చేలల్లో పత్తీ జరగలేదు. పెన్‌గంగకి ఇవతలా అవతలా ఒకే నల్లరేగడి, ఒకే విత్తనాలు, ఒకే పురుగు.

పురుగుని చంపే విషం చెట్టులోనే తయారయ్యే బీటీ విత్తనం వేసినా పురుగు ఎందుకు వస్తోందని ఎవరినడిగినా ఒకటే జవాబు: "పురుగు మందుకి అలవాటు పడింది". మా బాపు కూడా అదే అంటాడు. వినడానికి సరిగ్గానే ఉంటుంది. కానీ ఈ మాట దగ్గరే అసలు పొరపాటు మొదలవుతుంది. పురుగు అలవాటు పడిందనుకుంటే ఇంకా ఘాటైన మందు కావాలనిపిస్తుంది. నిజంగా జరిగింది తెలిస్తే, మనం ఏ పని మానుకోవాలో తెలుస్తుంది.

జరిగింది ఇది. ఏ పురుగూ తన నెలరోజుల బతుకులో విషాన్ని తట్టుకోవడం నేర్చుకోలేదు. లక్షల పురుగుల్లో పుట్టుకతోనే కొన్ని తేడాగా ఉంటాయి. విషం లేనంతకాలం ఆ తేడాకి విలువ లేదు. విషం వచ్చిన రోజు మిగతావి చస్తాయి, ఆ కొన్ని బతుకుతాయి, పిల్లల్ని పెడతాయి. మారేది పురుగు ఒళ్లు కాదు, ఆ ప్రాంతంలోని పురుగుల మొత్తం జనాభా. డార్విన్ 1859లో చెప్పింది ఇదే. మన పుస్తకాల్లో దీన్ని ప్రకృతివరణం అంటారు. వరణం అనగానే స్వయంవరంలో లాగా ఎవరో కూర్చుని ఎంచుకున్నట్టు అనిపిస్తుంది, అందుకే నాకు ఆ మాట కంటే జల్లెడ అన్న మాట నచ్చుతుంది. జల్లెడకి ఏ ఉద్దేశమూ ఉండదు. కన్నాల సైజుని బట్టి ఏది కిందికి దిగాలో, ఏది పైన మిగలాలో తేలిపోతుంది.

తేడా ముందే ఉంటుందా, విషం తగిలాక పుడుతుందా అన్న ప్రశ్న శాస్త్రవేత్తలకీ వచ్చింది. 1943లో సాల్వడార్ లూరియా, మాక్స్ డెల్‌బ్రుక్ బాక్టీరియాని ఎన్నో గాజు గొట్టాల్లో విడివిడిగా పెంచి, ఆ తర్వాత వాటి మీదికి వాటిని చంపే వైరస్‌ని వదిలారు. వైరస్ తగిలాకే తట్టుకునే గుణం వచ్చేదైతే అన్ని గొట్టాల్లోనూ బతికినవి ఇంచుమించు సమానంగా ఉండాలి. అలా లేవు. కొన్నింట్లో ఒక్కటీ మిగల్లేదు, కొన్నింట్లో వందలు మిగిలాయి. అంటే వైరస్ రాకముందే, పెరిగేటప్పుడే, ఎక్కడో ఒకటి మారి దాని సంతానం పెరిగి ఉంది. ఇద్దరికీ 1969లో నోబెల్ వచ్చింది.

పురుగుల మందుల విషయంలో ఇంతకంటే ముందే హెచ్చరిక వచ్చింది. 1914లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో మెలాండర్ అనే శాస్త్రవేత్త, పండ్ల తోటల్లో పొలుసు పురుగు గంధకం సున్నం మందుకి చావడం లేదని రాశాడు. మన దగ్గర 1980 ప్రాంతంలో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు దిగాయి. మొదట్లో పత్తికి అమృతంలా పనిచేశాయి. 1987 నాటికి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కాయ తొలిచే ఇంకో పురుగు, పచ్చ పురుగు, వాటిని లెక్కచేయలేదు. రైతులు మోతాదు పెంచారు, రెండు మూడు మందులు కలిపి కొట్టారు. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతుల చావులు దేశమంతా విన్నది. పురుగు పోలేదు, అప్పు మిగిలింది. మా ఇంట్లో అప్పటి మాటలు నాకు గుర్తే. వీపున పంపు దించకుండా బాపు వారానికోసారి చేలో తిరిగేవాడు, రాత్రి కళ్లు మండుతున్నాయని నీళ్లు కొట్టుకునేవాడు.

అందుకే బీటీ పత్తి వచ్చినప్పుడు మావైపు ఎవరూ సందేహించలేదు. బీటీ అంటే బాసిల్లస్ థురింజియెన్సిస్, మట్టిలో ఉండే ఒక బాక్టీరియా. 1901లో జపాన్‌లో ఇషివాటా పట్టుపురుగుల జబ్బులో దాన్ని చూశాడు. 1911లో జర్మనీలోని థురింగియాలో బెర్లినర్ పిండి పురుగులో చూసి ఆ ప్రాంతం పేరు మీద పేరు పెట్టాడు. అది తయారుచేసే ప్రొటీన్ పురుగు పేగు గోడకి అతుక్కుని కన్నాలు వేస్తుంది. ఆ ప్రొటీన్ జన్యువుని పత్తిలోకి చేర్చారు. అమెరికాలో 1996లో, మన దేశంలో 2002 మార్చి 26న అనుమతి వచ్చింది. 2006లో రెండో జన్యువు కూడా కలిపిన విత్తనం వచ్చింది. మందు కొట్టడం నిజంగానే తగ్గింది, బాపు వీపుకి ఊపిరాడింది. ఆ నాలుగైదేళ్ల మంచి కాలాన్ని నేను తక్కువ చేసి మాట్లాడలేను.

విత్తనంతో పాటు ఒక షరతు కూడా వచ్చింది. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌కి 120 గ్రాముల చిన్న ప్యాకెట్ జతగా ఉండేది. అందులో బీటీ లేని మామూలు పత్తి గింజలు. చేను చుట్టూ ఐదు సాళ్లు, లేదా విస్తీర్ణంలో 20 శాతం, ఏది ఎక్కువైతే అంత, ఆ గింజలే వేయాలి. కృషి కేంద్రలో ప్యాకెట్లు తీసుకుంటూ బాపు అడిగాడు, ఇదెందుకు అని. దుకాణదారు నవ్వి, "అది పురుగులకి పెట్టే కూడు కాకా, ఇంటికెళ్లి పారెయ్" అన్నాడు. పారేయలేదు గాని, పశువుల కొట్టం చూరులో దోపాం. ఏళ్ల తరబడి అలా నాలుగు ప్యాకెట్లు ఎలకలు కొరికి దుమ్ముపట్టి ఉండేవి.

ఆ దుకాణదారు అన్నది ఒక రకంగా నిజమే, అది పురుగులకి పెట్టే కూడే. ఎందుకు పెట్టాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. తట్టుకునే గుణం ఇచ్చే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే పురుగు బీటీ కాయలో బతుకుతుంది. ఒక్క వైపు నుంచే వస్తే చస్తుంది. లెక్క కోసం, పురుగుల్లోని ఆ జన్యువు ప్రతుల్లో వందకి ఒకటి తేడాది అనుకుందాం. రెండు ప్రతులూ తేడావే ఉన్న పురుగు పదివేలకి ఒకటి. చేనంతా బీటీ అయితే పదివేలల్లో ఆ ఒక్కటే బతికి రెక్కలు తొడుగుతుంది. దానికి జతగా దొరికేది అలా బతికిన ఇంకొకటే. పిల్లలన్నీ మొండి పురుగులే. అదే చేను అంచున ఐదు సాళ్లు మామూలు పత్తి ఉంటే, అక్కడ వందల పురుగులు ఏ ఆటంకం లేకుండా పెరుగుతాయి. ఆ మొండి పురుగు జతకట్టేది దాదాపు ఖాయంగా వాటిలో ఒకదానితో. పిల్లలకి ఒక్క ప్రతే వస్తుంది, అవి మళ్లీ బీటీ కాయలో చస్తాయి. ఐదు సాళ్ల నష్టానికి మిగతా చేను ఏళ్ల తరబడి నిలిచేది.

ఇక్కడో ప్రశ్న రావాలి. చిన్న ప్యాకెట్ వేయకపోయినా పచ్చ పురుగు మీద బీటీ చాలాకాలం పనిచేసిందే? పచ్చ పురుగు కంది తింటుంది, శనగ తింటుంది, టమాటా తింటుంది. మన పత్తి సాళ్ల మధ్య వేసే కందే దానికి ఆశ్రయం. గులాబీ పురుగుకి మన దగ్గర పత్తే కూడు. దాన్ని మనం మొదటిరోజు నుంచే పూర్తిగా జల్లెడలో పోశాం. 2014 వచ్చేసరికి దేశంలో పత్తి విస్తీర్ణంలో 90 శాతానికి పైగా బీటీయే.

జల్లెడ పట్టింది ఆ ఒక్కచోటే కాదు. చాలా దేశాల్లో బీటీ సూటి రకాలుగా, అంటే గింజ దాచుకుని మళ్లీ వేసుకున్నా మారని రకాలుగా వచ్చింది, మన దగ్గర రెండు రకాల్ని కలిపి చేసిన హైబ్రిడ్‌గా వచ్చింది. హైబ్రిడ్ చెట్టు కాయలో గింజలన్నీ ఒకేలా ఉండవు, తర్వాతి తరం గింజలు కదా. కొన్నింట్లో రెండు ప్రొటీన్లూ, కొన్నింట్లో ఒకటే, కొన్నింట్లో ఏదీ ఉండదు. గులాబీ పురుగు తినేది గింజనే. ఒకే కాయలో గింజ నుంచి గింజకి పోతూ తక్కువ విషంతో తప్పించుకునే అవకాశం దానికి దొరికింది. పైగా ఈ హైబ్రిడ్లు ఆరేడు నెలలు నిలుస్తాయి. మృగశిర కార్తెలో పెట్టిన చేను సంక్రాంతికి తీసేయాల్సింది పోయి, నీళ్లున్నవాళ్లు మార్చి దాకా ఉంచుతారు. మరాఠీలో దాన్ని ఫరదడ్ అంటారు. చలికాలంలో కూడు లేక కాయల్లో, గింజల్లో ముడుచుకుని పడుకోవాల్సిన పురుగుకి ఇంకో తరం, రెండు తరాలు పెంచుకునే వీలు కలిగింది. ప్రతి తరమూ ఒక జల్లెడే. ఆ ఫరదడ్ పత్తి నాలుగు క్వింటాళ్ల కోసం మేం కూడా ఉంచాం, దాచుకోవడానికి ఏం లేదు.

ఫలితం రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 2008లో గుజరాత్ అమ్రేలీలో మొదటి జన్యువుకి లొంగని గులాబీ పురుగులు దొరికాయి. 2010లో విత్తనం తెచ్చిన కంపెనీయే గుజరాత్‌లో నాలుగు జిల్లాల పేర్లు చెప్పి ఒప్పుకుంది. 2014-15 నాటికి రెండో జన్యువుకీ పురుగు లొంగడం మానేసింది. 2017లో మా విదర్భ (మహారాష్ట్ర తూర్పు భాగం) చేలన్నీ గుడ్డి పూలతో నిండాయి. పురుగు లోపల చేరి రేకుల్ని దారంతో కుట్టేస్తే పువ్వు విచ్చుకోకుండా రోజా మొగ్గలా నిలిచిపోతుంది, అదీ గుడ్డి పువ్వు అంటే. అదే ఏడు యవత్‌మాల్ జిల్లాలో మందులు కొడుతూ విషం సోకి 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. పాండర్‌కవడా, ఝరీ వైపు మా చుట్టాల ఊళ్లలో ఆ ఏడు పంపు ముట్టడానికి కూలీలు భయపడ్డారు. గుంటూరు, వరంగల్ కథ ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత మా గడప దాకా వచ్చింది.

ఇలాగే జరిగి తీరాలని లేదు. ఇదే పురుగు, ఇదే ప్రొటీన్, అమెరికాలోని అరిజోనాలో ఇంకోలా నడిచింది. 1996 నుంచి అక్కడి రైతులు మామూలు పత్తి సాళ్లు ఖచ్చితంగా వేశారు. పురుగులో తట్టుకునే జన్యువు ప్రయోగశాలలో దొరికింది గాని పొలంలో పెరగలేదు. 2006 నుంచి గొడ్డు చేసిన రెక్కల పురుగుల్ని విమానాల నుంచి కోట్ల లెక్కన వదిలారు. 2018 అక్టోబరులో ఆ దేశం గులాబీ పురుగు లేదని ప్రకటించింది. చైనాలో రైతులు హైబ్రిడ్ చెట్ల నుంచి వచ్చిన రెండో తరం గింజలు నాటారు. వాటిలో నాలుగోవంతు చెట్లకి బీటీ ఉండదు కాబట్టి ఎవరూ చెప్పకుండానే చేలోనే ఆశ్రయం దొరికింది, తట్టుకునే గుణం వెనక్కి తగ్గింది. జల్లెడ తిప్పే తీరుని బట్టి జనాభా ముందుకీ పోతుంది, వెనక్కీ వస్తుంది.

ఇప్పుడు మావైపు ప్యాకెట్ మారింది. మామూలు గింజలు విడిగా రావు, 475 గ్రాముల ఒకే ప్యాకెట్‌లో కలిపి వస్తున్నాయి. పారేయడానికి వీల్లేదు. ఇరవై ఏళ్ల క్రితం చేయాల్సిన పని ఇది. రెండు జన్యువులనీ దాటేసిన పురుగు చేలో ఉండగా ఈ నాలుగు గింజలు ఎంత పనిచేస్తాయో అన్న టెన్షన్ నాకుంది. అందుకని మేం పట్టుకున్నది పంట కాలం. తొందరగా కాపుకొచ్చే విత్తనం, ఆడ పురుగు వాసనతో మగ పురుగుల్ని పట్టే లింగాకర్షక బుట్టలు, సంక్రాంతి కల్లా చివరి ఏరివేత, ఆ వారంలోనే మేకల్ని తోలి మిగిలిన కాయలు మేపడం, పత్తి కట్టె పీకి చేలోంచి బయటికి తేవడం. జిన్నింగ్ మిల్లు దగ్గర్లో చేను ఉన్నవాళ్లకి గింజల కుప్పల నుంచి పురుగు వస్తుంది, వాళ్లు బుట్టలు ఇంకా ముందే పెట్టాలి.

పోయినేడు జనవరి రెండో వారంలో మా ఐదెకరాలూ ఖాళీ చేశాం. పడమటి పక్క చేను మరిది వరస ఆయనది, ఆయనకి బోరుంది, హోలీ దాకా పత్తి ఉంచుదామనుకున్నాడు. ఫిబ్రవరిలో ఓ సాయంత్రం బాపు ఆయనతో పాటు ఆ గట్టు మీద కూర్చుని, ఆయన చేలోంచే ఒక కాయ తెంపి పగలగొట్టాడు. రెండు గింజలు ఒకదానికొకటి దారంతో అతుక్కుని ఉన్నాయి, మధ్యలో పురుగు ముడుచుకుని పడుకుని ఉంది. జూన్ దాకా అలా ఆగగలదు. బాపు దాన్ని ఆయన అరచేతిలో పెట్టాడు. ఇద్దరూ కాసేపు దాన్నే చూశారు. మర్నాడు ఆయన కట్టె పీకడానికి కూలీల్ని మాట్లాడుకున్నాడు.